మధ్య గడి

ఆసుపత్రి కింది అంతస్తు, ఆవిరి గది
మార్చి 4

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్ చేస్తే "ఆఁ, ఊఁ, చూద్దాంలే అక్కా" అని తప్పించుకుంటావు. అందుకే ఉత్తరం. కాగితం మీద "ఊఁ" అని రాయడానికి నీక్కూడా సిగ్గేస్తుంది కాబట్టి ఈసారైనా సరైన జవాబు వస్తుందని ఆశ. ఒక ఇంగ్లీషు మాటకి అర్థం కావాలి. ఆఫీసుల వాళ్లకి ఇంగ్లీషు రాసిపెట్టి బతికేవాడివి, నిన్ను కాక ఇంకెవర్ని అడుగుతాను?

ఆ మాట "మోర్ ఆర్ లెస్". వినని మాటేం కాదు. నెలరోజులుగా అదే వింటున్నాను, చెవులు కడుక్కోవాలనిపించేంతగా వింటున్నాను. అది అవునని చెప్పడమా, కాదని చెప్పడమా? నాకది తేల్చి చెప్పు.

నా పని గురించి నువ్వెప్పుడూ చెవిన పెట్టలేదు కాబట్టి మళ్లీ చెబుతున్నాను, విను. ఆపరేషన్లకి వాడే కత్తులూ కత్తెరలూ పట్టకార్లూ కడిగి, గుడ్డలో మూటకట్టి, ఆవిరి యంత్రంలో పెడతాం. తలుపున్న పెద్ద కుక్కర్ అనుకో. విడతకో కాగితం పట్టీ మూటల మధ్య పెడతాం. దాని మీద తెల్లటి గీత ఉంటుంది. ఆవిరి సరిగ్గా తగిలితే ఆ గీత బొగ్గులా నల్లబడుతుంది. లేకపోతే లేదు. పదిహేడేళ్లుగా మా రిజిస్టర్లో రెండే మాటలు రాశాం: నలుపు, కాదు. నలుపైతే మూటలు పైకి, ఆపరేషన్ థియేటర్‌కి పోతాయి. కాకపోతే ఆ విడత మొత్తం విప్పి, కడిగి, మళ్లీ ఉడకబెట్టాల్సిందే.

పోయిన నెల కొత్త ఫారం దిగింది. బయటి కంపెనీ చేసిచ్చిందట. మందపాటి కాగితం, నీలం గీతలు, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. "పట్టీ నల్లబడిందా?" అని ఇంగ్లీషులో ప్రశ్న, ఎదురుగా మూడు గళ్లు. కంప్లీట్లీ, మోర్ ఆర్ లెస్, నాట్ ఎట్ ఆల్. మొదటి గడిలో టిక్ పెడితే పక్కన పేరు రాసి సంతకం చెయ్యాలి. మూడో గడిలో పెడితే మళ్లీ ఎప్పుడు ఉడకబెట్టామో రాయాలి. మధ్య గడికి ఏమీ లేదు. పేరొద్దు, సంతకమొద్దు, పనొద్దు. ఇంకేముంది, మావాళ్లంతా అందులోకి దూరి కూర్చున్నారు.

ఇప్పుడు యంత్రం తలుపు గ్యాస్కెట్ అరిగి ఆవిరి బయటికి పోతోంది. పట్టీలు నల్లబడకుండా టీ రంగులో ఆగిపోతున్నాయి. "ఇదేంటే?" అని పట్టీ తీసి రెండో షిఫ్టు అమ్మాయి మొహం ముందు పెడితే, "మోర్ ఆర్ లెస్ నలుపే కదండీ" అంది. మెకానిక్‌ని పిలిపించాను. వాడు తలుపు చుట్టూ చెయ్యి తిప్పి "మోర్ ఆర్ లెస్ బాగానే ఉందమ్మా" అని చక్కా పోయాడు. నేనున్న షిఫ్టులో పట్టుబట్టి మళ్లీ ఉడకబెట్టిస్తున్నాను. నేను గడప దాటగానే అంతా మామూలే. ఆ మాట చెవిన పడితే చల్లారిన టీ మీద తెట్టు నాలిక్కి తగిలినట్టు ఒళ్లు జలదరిస్తోంది. ఆ ఫారం రాసిన మహానుభావుడెవడో దొరికితే చెవి మెలేసి, ఆ పట్టీలన్నీ వాడిచేతే లెక్కపెట్టిస్తాను. వెధవ.

మా గది ఊడ్చే పెద్దమ్మ ఒక్కతే నాకు తోడు. మనకేమీ చుట్టం కాదు, ఆసుపత్రంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తుంది. ఆవిడ దగ్గర నాలుగు రంగుల తుడుపుగుడ్డలున్నాయి. ఏ గది గుడ్డ ఆ గదికే. ఓసారి నేను హడావిడిలో మెట్లు తుడిచే గుడ్డతో ఇక్కడ ఒలికిన నీళ్లు తుడవబోతే నా చేతిమీద ఒక్కటేసి, "ఆ గుడ్డ ఇక్కడికెందుకొచ్చింది?" అంది. ఇన్‌చార్జినని కూడా చూడలేదు! వచ్చే వారం ఆవిడకి మోకాలి ఆపరేషన్, ఇక్కడే. ఎనిమిది నెలలు ఎదురుచూస్తే ఇప్పటికి వంతొచ్చింది.

అర్థం రాయి. తొందరగా రాయి.

ఆవిరికి ఉడుకుతున్న
మీ అక్క


ఆఫీసు, నాలుగో అంతస్తు, కిటికీ లేని మూల
మార్చి 11

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వాపుకోలేకపోయాను. పక్క బల్లాయన తలెత్తి చూశాడు. మా అక్క ఒక మాట మీద కత్తి కట్టిందని చెప్పాను.

సరే, పాఠం మొదలుపెడుతున్నాను, నోట్సు రాసుకో. మాటకి మాట పెడితే "ఎక్కువో తక్కువో" అని వస్తుంది. కానీ వాడుక వేరు. అంకెతో వాడితే "సుమారు" అనుకో. "మా ఇంటి నుంచి స్టేషనుకి మోర్ ఆర్ లెస్ రెండు మైళ్లు" అంటారు. ఓ పది గజాలు అటూ ఇటూ అయినా ఎవరి కొంపా మునగదు. ఏదైనా పనికి వాడితే "దాదాపు". "ఇల్లు సర్దడం మోర్ ఆర్ లెస్ అయిపోయింది" అంటే మంచం కింద అట్టపెట్టెలు ఇంకా అలాగే ఉన్నాయని అర్థం. ఇక ఎవరి మాటకైనా జవాబుగా వాడితే ఉంది చూడు, అది అసలు మజా. "నువ్వు వాళ్లతో ఏకీభవిస్తున్నావా?" అంటే "మోర్ ఆర్ లెస్". ఒప్పుకున్నట్టూ ఉంటుంది, ఒప్పుకోనట్టూ ఉంటుంది. రేపు ఎటు కావాలంటే అటు దూకొచ్చు. మా మేనేజర్ రోజుకి ముప్పైసార్లు వాడతాడు. ఆయన జీతమంతా దాని మీదే నడుస్తుంది.

కాబట్టి నీ ప్రశ్నకి జవాబు: అది అవునూ కాదు, కాదూ కాదు. అవునుకి దగ్గరగా నిలబడి, కాదు వైపు ఒక కాలు చాపి ఉంచడం. ఎక్కడ వాడకూడదంటావా? ఉందో లేదో రెండే దారులున్న చోట వాడకూడదు. రైలు అందిందా అంటే "మోర్ ఆర్ లెస్ అందింది" అనం. ఎక్కితే ఎక్కాం, లేకపోతే ప్లాట్‌ఫారం మీద ఉన్నాం.

చూశావా, మేష్టారిలా ఎంత చక్కగా చెప్పానో. ఒక్కమాట. ఫారం రాసినవాణ్ణి మరీ అంత తిట్టకు. ఏదో పని ఒత్తిడిలో ఉండి ఉంటాడు. ఇంతకీ ఆ ఫారం మీద కంపెనీ పేరేమైనా ఉందా? ఊరికే అడుగుతున్నాను.

పెద్దమ్మగారి ఆపరేషన్ బాగా జరగాలి. నీ బీపీ మాత్రలు మర్చిపోకు.

నీ తమ్ముడు


ఆవిరి గది
ఏప్రిల్ 2

తమ్ముడూ,

నీ పాఠం బాగుంది. రైలు సంగతి మరీ బాగుంది. మా దగ్గర రైలు తప్పింది.

పెద్దమ్మ మోకాలు చీముపట్టింది. ఆపరేషనైన ఎనిమిదో రోజు జ్వరం, పదో రోజు కుట్ల మధ్య నుంచి పసుపుపచ్చగా కారడం మొదలైంది. వార్డు గుమ్మం దగ్గరే వాసన కొట్టింది నాకు. పూలకుండీలో కుళ్లిన నీళ్లు పారబోస్తే వస్తుందే, ఆ వాసన. నేను ముక్కు మూసుకోలేదు. మూసుకుంటే ఆవిడ చూస్తుందని ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఆవిడేమందో తెలుసా? "నేను కట్టు ముట్టుకోలేదమ్మా, ఒట్టు. చేతులు కడక్కుండా నీళ్లు కూడా తాగలేదు" అంది. తన తప్పేమో అని భయం! బయటికొచ్చి గోడకి ఆనుకుని కక్కుకున్నాను.

ఆవిడొక్కతే కాదు. ఆవిడ ఆపరేషన్‌కి అటూ ఇటూ పదకొండు రోజుల్లో కోసిన వాళ్లలో మొత్తం నలుగురికి ఇదే గతి. మిగతా ముగ్గురూ మందులకి తేరుకుంటున్నారు. ఈవిడకి మాత్రం మోకాలు మళ్లీ విప్పి కడిగారు.

విచారణ మొదలైంది. పెద్దమ్మ ఆపరేషన్ మూటకి మధ్య గడిలో టిక్ ఉంది. ఎవరు పెట్టారో తెలీదు, సంతకం లేదుగా. నిన్న సూపరింటెండెంట్ పిలిచి ఇన్‌చార్జిగా నేను సంతకం పెట్టాల్సిన కాగితం ఒకటి ముందు పెట్టాడు. ఇంగ్లీషులో ఉంది. అర్థం చేసుకోవడానికి నాకు నీ పాఠం పనికొచ్చిందిలే. "పరికరాలు మోర్ ఆర్ లెస్ శుద్ధి అయినవే. రోగి వృత్తిరీత్యా మురికిలో మసలే మనిషి కావడం వల్ల పుండు చెడి ఉండవచ్చు." ఇదీ అందులో ఉన్న మాట. నేను చేర్చిన అక్షరం ఒక్కటీ లేదు.

మురికిలో మసలే మనిషట! ఆ మురికి ఎవరిదిరా? పంతొమ్మిదేళ్లుగా ఆవిడ ఊడ్చింది వీళ్ల మురికే కదా? వీళ్లు పారేసిన దూది, వీళ్లు కక్కిన కక్కు, వీళ్ల బూట్ల బురద. ఆ కాగితం చదువుతుంటే చేతికి జిగురు అంటుకున్నట్టనిపించింది. నేను సంతకం పెడితే తప్పు ఆవిడదవుతుంది. ఆసుపత్రి వైద్యం ఆపేస్తుంది, ఉద్యోగమూ పోతుంది. పెట్టకపోతే "నువ్వే ఇన్‌చార్జివి, నువ్వే చెప్పు" అంటారు. పదిహేను రోజులు గడువిచ్చారు.

నాకు ఒక్కటే సాయం చెయ్యి. ఆ మధ్య గడే తప్పని, అలాంటి గడి ఈ పనిలో ఉండనే కూడదని, నాకు చెప్పినట్టే విచారణ వాళ్లకి మంచి ఇంగ్లీషులో రాసిపెట్టు. రైలు సంగతితో సహా. ఫారం ముందు పేజీ జిరాక్స్ జతచేశాను. మా యంత్రం రెండో వైపు తియ్యదు. వాడి పేరూ ఊరూ అందులో లేవు, వాణ్ణి తిట్టుకోవడానికి కూడా లేదు.

అక్క


ఆఫీసు
ఏప్రిల్ 9

అక్కా,

ఉత్తరం అందింది. చాలా బాధేసింది. ఆలస్యమైంది, ఏమీ అనుకోకు, ఇక్కడ పని ఎక్కువగా ఉంది.

నెమ్మదిగా ఆలోచించు. నీకు రిటైర్మెంటు రెండేళ్లే ఉంది. పెద్దమ్మగారు మంచివారే, కాదనను, కానీ ఇలాంటి పుళ్లు ఎందువల్ల వచ్చాయో ఎవరూ నూటికి నూరుపాళ్లు చెప్పలేరు. మీవాళ్లు నిబంధన ప్రకారమే నడుచుకున్నారు. రెండో గడికి ఎలాంటి చర్యా అవసరం లేదని పదకొండో నిబంధనలో స్పష్టంగానే ఉంది కదా. అంటే మీ గది వాళ్ల తప్పు ఏ రకంగానూ లేదు. ఆ కాగితంలో ఉన్నది కూడా మరీ అబద్ధమేం కాదు. "ఉండవచ్చు" అనే రాశారు. సంతకం పెట్టేసి, ఆవిడకి మనం వేరే రకంగా సాయపడదాం.

మంచి ఇంగ్లీషులో రాసిపెట్టమన్నావు. రాయడం కష్టం కాదు గానీ, బయటివాణ్ణి, నా మాట వాళ్లెందుకు లెక్కచేస్తారు?

కోపం తెచ్చుకోకు.

తమ్ముడు


ఆవిరి గది
ఏప్రిల్ 12

నీ ఉత్తరం చదివి చేతులు కడుక్కున్నాను. రెండుసార్లు, మోచేతుల దాకా.

"మరీ అబద్ధమేం కాదు" అని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందిరా? ఇదే మా సూపరింటెండెంటో మీ మేనేజరో రాస్తే ఛీ అని ఊరుకునేదాన్ని. నా చేతుల్లో పెరిగినవాడివి రాశావు. "ఆవిడకి వేరే రకంగా సాయపడదాం" అట. పళ్లు కొనిస్తావా?

అది కాదు అసలు సంగతి. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి ఒళ్లు చల్లబడింది.

నేను నీకు పంపింది ముందు పేజీ ఒక్కటే. పదకొండో నిబంధన వెనక పేజీలో అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అలాంటిదొకటి ఉందని పదిహేడేళ్లుగా ఈ గదిలో ఉన్న నాకే తెలీదు. నీ ఉత్తరం చూశాక కళ్లజోడు మీద భూతద్దం పెట్టుకుని వెతికితే దొరికింది. మాటకి మాట, నువ్వు రాసినట్టే ఉంది.

నీకెలా తెలుసు?

నీళ్లు నమలకు. కంపెనీ పేరుందా అని మార్చిలో "ఊరికే" ఎందుకడిగావు? ఫారం రాసినవాడికి పని ఒత్తిడని నీకెవరు చెప్పారు?

గడువు పదహారున అయిపోతుంది. నీ జవాబు వచ్చినా రాకపోయినా నేను ఆ కాగితం మీద సంతకం పెట్టను. అది నీకోసం కాదు. నీ జవాబు మాత్రం నీకోసం అడుగుతున్నాను.


ఇల్లు
ఏప్రిల్ 20

అక్కా,

ఆ ఫారం నేనే రాశాను.

మీకు ఫారం అమ్మిన కంపెనీ వేరు. రాత పని మా ఆఫీసుకి ఇస్తారు. పోయిన ఏడాది చివర్లో పద్దెనిమిది ఫారాలు ఒక్క వారంలో కావాలన్నారు. అంతకుముందే నేను ఒక క్యాంటీన్ కోసం అభిప్రాయాల కాగితం చేశాను. "భోజనం వేడిగా ఉందా?" అని ప్రశ్న. కంప్లీట్లీ, మోర్ ఆర్ లెస్, నాట్ ఎట్ ఆల్. అందరికీ తెగ నచ్చింది. మూడు గళ్లు అందంగా సరిపోయాయన్నారు. మీ ఫారం వచ్చినప్పుడు ఆ మూడు గళ్లనీ ఎత్తి ఇందులో పెట్టేశాను. పదకొండో నిబంధనా అక్కడిదే. భోజనం కాస్త గోరువెచ్చగా ఉందంటే ఎవరూ ఏం చెయ్యక్కర్లేదు కదా, అందుకని అలా రాశాను. ఇక్కడికి తెచ్చినప్పుడు "భోజనం" కొట్టేసి "పట్టీ" అని పెట్టాను. కింద చదవలేదు.

పట్టీ ఏమిటో నాకు తెలీదక్కా. నువ్వు ఎన్నోసార్లు చెప్పావు. నేను వినలేదు.

నీ మొదటి ఉత్తరంలోనే నాకు అనుమానం వచ్చింది. వచ్చీ నీకు పాఠం చెప్పాను. ఎక్కడ వాడకూడదో ఎంత బాగా చెప్పానో చూడు. ఇప్పుడు ఆ ఉత్తరం గుర్తొస్తే నా నోరు నాకే కంపు కొడుతోంది. తర్వాత నువ్వు పెద్దమ్మగారి సంగతి రాస్తే మూడు రోజులు అన్నం సయించలేదు. అయినా నాలుగో రోజు కూర్చుని నీకా దిక్కుమాలిన సలహా రాశాను. నువ్వు సంతకం పెడితే ఫారం సంగతి బయటికి రాదని. అంతే, ఇంకే కారణమూ లేదు.

విచారణ వాళ్లకి నిజం రాస్తాను. ఆ ఫారం ఇంకో ఏడు ఆసుపత్రులకి వెళ్లింది, వాళ్లకీ రాస్తాను. మా మేనేజర్‌తో ఒకసారి మాట్లాడి, మాటలు కాస్త చూసుకుని పంపాలి. ఉత్తరం దాదాపు తయారైంది.

ఆ టిక్ పెట్టినవాళ్లెవరో దొరికారా? వాళ్లనేమీ అనకండి. వాళ్ల చేతికి ఆ గడి ఇచ్చింది నేను.

తమ్ముడు


దుప్పట్ల గది
మే 6

తమ్ముడూ,

నేనిప్పుడు ఆవిరి గదిలో లేను. ఎందుకో చెబుతాను.

టిక్ పెట్టినవాళ్లు దొరికారు. నేనే.

మార్చి నుంచి నీకు రాసిన ప్రతి ఉత్తరంలోనూ వాళ్లు వీళ్లు అని దుమ్మెత్తిపోశాను కదా. చదువుకుని చూడు, నేనెప్పుడూ ఆ గడి ముట్టలేదని మాత్రం ఎక్కడా రాయలేదు. ఏప్రిల్లో "ఎవరు పెట్టారో తెలీదు" అని రాశాను చూడు, అది శుద్ధ అబద్ధం. నువ్వు ఒక్క ఉత్తరంలో ఒప్పుకున్నావు. నాకు రెండు నెలలు పట్టింది.

ఆ గురువారం రెండు విడతలు వెనకబడి ఉన్నాం. సర్జన్ మూడుసార్లు ఫోన్ చేశాడు. ఇంకో అరగంటలో మూట రాకపోతే ఆపరేషన్ వచ్చే నెలకి వేస్తానన్నాడు. థియేటర్ నర్సు కిటికీ దగ్గర నిలబడి గోళ్లు కొరుక్కుంటోంది. యంత్రం తెరిచి పట్టీ తీశాను. టీ రంగు. మూట మీద పేరు రాసుంది, పెద్దమ్మదని నాకు తెలుసు. ఎనిమిది నెలలు ఎదురుచూసింది పాపం, మళ్లీ వాయిదా అంటే కుంగిపోతుంది అనుకున్నాను. పట్టీని లైటు కింద పెట్టి అటూ ఇటూ తిప్పాను. ఒక పక్కనుంచి చూస్తే నల్లగానే ఉన్నట్టనిపించింది. మధ్య గడిలో టిక్ పెట్టి మూట పైకి పంపాను. పేరొద్దు, సంతకమొద్దు. ఎంత హాయిగా ఉందో తెలుసా ఆ క్షణం! ఎనిమిది నెలలు ఆగిన మనిషి ఇంకో నెల ఆగలేదా? ఆవిడ మేలు కోసమే చేశానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి సర్జన్ కేకలు వినే ఓపిక లేక చేశాను.

పట్టీ పారెయ్యలేదు. విచారణ రోజు దాకా నా పర్సులోనే ఉంది. చీమున్న దూది దాచుకున్నట్టు దాచుకున్నాను.

పదహారో తారీఖున విచారణ గదిలోకి వెళ్లి వాళ్ల కాగితం వెనక్కిచ్చేశాను. నీ మంచి ఇంగ్లీషు కోసం ఆగలేదు. మన మాటల్లోనే నాలుగు వాక్యాలు రాసిచ్చాను. పట్టీ నల్లబడలేదు. అది నాకు తెలుసు. టిక్ నాది. రోగి తప్పేమీ లేదు. పట్టీ బల్ల మీద పెట్టాను. సూపరింటెండెంట్ మొహం మాడ్చుకుని, "ఇంత ఖరాఖండిగా రాయాలా అమ్మా? బాధ్యత కొంతవరకు అని రాయొచ్చు కదా" అన్నాడు. "ఎంతవరకు సార్? మోకాలి దాకానా?" అన్నాను.

ఇన్‌చార్జి పని తీసేసి దుప్పట్లు మడతపెట్టే గదిలో వేశారు. ఇంకా ఏం చేస్తారో తేలలేదు. పెద్దమ్మ వైద్యమంతా ఆసుపత్రే చూస్తుందని కాగితం మీద రాసిచ్చారు. మురికి సంగతి కొట్టేశారు. గ్యాస్కెట్ మార్చారు. ఇరవై నిమిషాల పని. మెకానిక్ ఈల వేసుకుంటూ మార్చాడు. నలుగురు మనుషుల ఒళ్లు కుళ్లింది ఇరవై నిమిషాల పనికి!

పెద్దమ్మ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. టిక్ నాదని, పట్టీ రంగు చూసీ పంపానని. మంచం పక్కన నిలబడే చెప్పాను, కూర్చోబుద్ధి కాలేదు. ఆవిడ ముందుగా అడిగింది ఇదీ:

"నా మురికని రాశారంటగా, అది కొట్టేశారా?"

"కొట్టేశారు."

"చూసుకున్నావా?"

"చూసుకున్నాను. కోపంగా ఉందా పెద్దమ్మా?"

"ఉందమ్మా. ఎందుకుండదు?" అంది. "రేపొచ్చేటప్పుడు దువ్వెన తీసుకురా. ఇక్కడిది పళ్లూడిపోయింది" అంది.

నేనక్కడ ఉండగానే డాక్టర్ వచ్చాడు. మోకాలు అటూ ఇటూ కదిపి చూసి, "ఫర్వాలేదు, మోర్ ఆర్ లెస్ వంగుతుంది" అన్నాడు. ఆ మాట వినగానే నాకు ఒళ్లంతా తేళ్లు పాకాయి. పెద్దమ్మ మాత్రం చాలా మామూలుగా అడిగింది: "నేల మీద కూర్చుని తుడవడానికి వంగుతుందా, వంగదా? అది చెప్పండి బాబూ." డాక్టర్ నావైపు చూశాడు. నేను తల దించుకోలేదు. "వంగదు" అన్నాడు. "ఆఁ. అలా చెప్పండి" అంది ఆవిడ.

ఇక నీ సంగతి. పెద్దమ్మ ఈ గది గుడ్డ ఆ గదికి తీసుకెళ్లదని మొదటి ఉత్తరంలోనే రాశాను. నువ్వు క్యాంటీన్ గుడ్డ తెచ్చి నా గది తుడిచావు. తుడిచి, తెలిశాక కూడా నెలన్నర నోరు మూసుకున్నావు. నీమీద నాకు అసహ్యం వేసింది, దాచుకోను. నామీద నాకు ఇంకా ఎక్కువ వేసింది. ఒక కడుపున పుట్టినవాళ్లమే, అనుమానం లేదు.

కానీ నీ చివరి ఉత్తరంలో ఒక మాట ఉంది. "ఉత్తరం దాదాపు తయారైంది." నేను నీ దగ్గరే నేర్చుకున్నాను ఆ మాట అర్థం. మంచం కింద అట్టపెట్టెలు ఇంకా అలాగే ఉన్నాయన్నమాట. మేనేజర్‌తో మాట్లాడి, మాటలు చూసుకుని! ఈలోగా ఏడు ఆసుపత్రుల్లో ఏడుగురు ఇన్‌చార్జులు పట్టీని లైటు కింద తిప్పి చూసుకుంటున్నారు. వాళ్లకీ ఎవరో ఒక పెద్దమ్మ ఉంటుంది.

ఇంక పాఠాలొద్దు, ఏడుపులొద్దు. కింద నా చేత్తో గీసి పంపుతున్నాను. టిక్ పెట్టి, పేరు రాసి, సంతకం చేసి తిప్పి పంపు. విచారణ వాళ్లు పట్టీని ఫొటో తీసుకుని తిరిగిచ్చారు. అదీ ఇందులో పెట్టాను, నీ దగ్గరుండనీ.

ఎనిమిది చోట్లకీ నిజం రాసి పంపావా?

☐ అవును
☐ కాదు

అక్క


బస్ స్టాండు, బెంచీ మీద
మే 15

అక్కా,

☑ అవును
☐ కాదు

పేరూ సంతకమూ ఈ కాగితం వెనక ఉన్నాయి. సంతకం అంత పెద్దదిగా నేనెప్పుడూ చెయ్యలేదు.

మేనేజర్‌తో మాట్లాడలేదు. ఉత్తరాలు పోస్టు చేశాక చెప్పాను. ఆయన తల పట్టుకుని, "కాస్త మెత్తగా రాసుండాల్సింది" అన్నాడు. నిన్నటితో నా బల్ల ఖాళీ చేశాను.

ఏడు ఆసుపత్రుల్లో ఆరు ఫారం తీసేశామని జవాబిచ్చాయి. రెండు చోట్ల పట్టీలు చూసుకుని యంత్రం ఆపేశారట. ఏడో చోటు నుంచి రెండు ముక్కల కార్డు వచ్చింది. మధ్య గడి మా సిబ్బందికి సౌకర్యంగానే ఉంది, మార్చే ఉద్దేశం లేదు అని. చదివి ఎంత రోత పుట్టిందంటే, కార్డుని వేళ్ల చివర పట్టుకుని బల్ల మీద పడేశాను. తర్వాత గుర్తొచ్చింది, ఆ సౌకర్యం చేసిపెట్టింది నేనే కదా.

అక్కడికి వెళ్లే బస్సు కోసం కూర్చున్నాను. ఆ గది ఇన్‌చార్జి ఎవరో కనుక్కుని, నువ్వు పంపిన పట్టీ వాళ్ల చేతిలో పెట్టి, ఇది నలుపా కాదా అని అడుగుతాను. చెప్పేదాకా కదలను.

పెద్దమ్మగారికి నా పేరు చెప్పు. ఏం చేశానో కూడా చెప్పు. పూర్తిగా.

నీ తమ్ముడు